ఎవరిదో తేలని పైకప్పు

పేరిశెట్టి తన నీడను కూడా నమ్మే రకం కాదు. కోటవీధిలో తన ఇంటి మేడను అప్పడాల నాంచారమ్మకు ముప్ఫయ్యేళ్ళ కౌలుకిచ్చాడు. మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయని ఆవిడ ఆ కౌలు హక్కును ఇంకొకరికి అమ్మబోయింది. అమ్మాలంటే పత్రం మీద శెట్టి ముద్ర పడాలి.

'ఇంత మంచి మేడ ఊరికే వదులుకుంటుందా? ఇందులో ఏదో మతలబుంది' అనుకున్నాడు శెట్టి.

“మెట్లు ఎవరివో తేలాలి,” అన్నాడు ముందు. అది తేలాక, “పైకప్పు నాదో నీదో తేలాలి. అందాకా దాని మీద చెయ్యి వెయ్యకు,” అన్నాడు. ఏడాది గడిచింది. కాళ్ళరిగేలా తిరిగిన కొనుగోలుదారు, ఈ వారం దాటితే తనకొద్దనేశాడు.

ఆ మధ్యాహ్నం వాన దంచికొట్టింది. కింద పట్టుపరుపు మీద కునుకు తీస్తున్న శెట్టి ముఖాన, మేడ నేలచెక్కల సందుల్లోంచి నీళ్ళు ధారకట్టాయి. గుడ్లురుముతూ పైకి పరిగెత్తాడు. నాంచారమ్మ పొడిగా ఉన్న మూల కూర్చుని అప్పడాలు ఒత్తుకుంటోంది.

“కప్పు కారుతుంటే చూస్తూ కూర్చున్నావా?”

“ఎవరిదో తేలందే చెయ్యి వెయ్యొద్దన్నారుగా, శెట్టిగారూ. మీదైతే మీరే ఎక్కండి.”

కింద పరుపు నానిపోతోంది. “నీదే తల్లీ, నీదే!”

“తేలిందిగా. అయితే ఇదిగో పత్రం, ముద్ర వెయ్యండి.”

శెట్టి పళ్ళు నూరుతూ వేశాడు. నాంచారమ్మ బూజుకర్ర ఎత్తి కప్పులో పక్కకు జరిగివున్న ఒక్క పెంకును తిరిగి దాని చోటికి నెట్టింది. ధార టక్కున ఆగిపోయింది.

శెట్టి కళ్ళు చిట్లించాడు. “అసలా పెంకును జరిపిందెవరు?”

“తేలాలి శెట్టిగారూ,” అంది నాంచారమ్మ, పత్రాన్ని కొంగున ముడేసుకుంటూ. “తొందరేముంది?”