మైలయ్య మూడు గళ్ళు

పచ్చి పొగాకుని వేడికి ఆరబెట్టే పని మానేశాక ఆ పాత బ్యారన్‌ కొట్టాన్ని మనుషులు మరిచిపోయారు. జంతువులు మాత్రం మరిచిపోలేదు. ముసురు పట్టి, దుక్కులు ఆగిపోయి, బయట కాలు పెడితే మోకాలి దాకా బురదలో దిగబడే రోజుల్లో, మధ్యాహ్నం అయ్యేసరికి అవన్నీ అక్కడ చేరి కోట ఆట ఆడేవి.

ఆట నడిపేది తాబేలు పేరమ్మ. ఇటుక ముక్కతో నేలంతా గళ్ళు గీసి, ఆ చివర ఒక కోట పెట్టేది. కోటవాళ్ళ తరఫున తనే ఆడేది. మిగిలినవాళ్ళు తలో వేషం ఎంచుకుని, తమ గులకరాళ్ళని గడి గడికీ జరుపుకుంటూ పోయి ఆ కోట గెలవాలి. ఎద్దు మైలయ్య యోధుడు, మేక నాగరత్నం వైద్యురాలు, పుంజు వీరాసామి విలుకాడు, నక్క కనకలింగం మాంత్రికుడు. నియమాలన్నీ గోడ మీద బొగ్గుతో రాసి ఉండేవి. గడప లోపల ఎవరూ ఎవరినీ తినకూడదన్నది అందులో మొట్టమొదటిది. దాన్ని వీరాసామి పట్టుబట్టి రాయించాడు, ఎందుకో చెప్పక్కర్లేదు.

మైలయ్యకి ఆ ఆటంటే ప్రాణం. ఏడాది పొడుగునా మెడ మీద కాడి, వెనకాల ములుగర్ర. కాడి దించి కత్తి పట్టుకునే చోటు లోకంలో అతనికి అదొక్కటే. పొలంలో నడుస్తూ కూడా, ఈసారి కోట గుమ్మం ఎలా బద్దలు కొట్టాలా అని ఆలోచించుకునేవాడు. కానీ నాలుగేళ్ళుగా అతను ఏ గుమ్మమూ బద్దలు కొట్టలేదు. కనకలింగం కొట్టనివ్వలేదు.

ఏటా చివరి ఆటకి ముందు నియమాలకి సవరణలు జరిగేవి. కనకలింగం ఒక్కో ఏడు ఒక్కో సవరణ తెచ్చేవాడు. మొదట్లో అతని నిద్రమంత్రం మూడు గళ్ళ దూరమే పారేది. దాన్ని ఎనిమిది చేయించాడు. ఆటకి ఒక్కసారే చదవాలని ఉండేది. చదివాక తన వంతు మూడుసార్లు వచ్చిపోయేదాకా చదవకుండా గొంతు ఆరబెట్టుకుంటే చాలు, ఎన్నిసార్లయినా చదవచ్చని మార్పించాడు. "సమతూకం ఉండద్దా?" అన్నది అతని ఊతపదం. మేకకి రెండు మూలికలు, పుంజుకి ఒక బాణం ఎక్కువ రాయించి వాళ్ళ చేత తలలూపించుకునేవాడు.

మైలయ్యకీ ఒక సమతూకం చేశాడు. "మావా, నువ్వు ఇనప తొడుగు వేసుకున్నవాడివి. వంతుకి ఆరు గళ్ళు ఎట్టా నడుస్తావు? మూడు చాలు. దానికి బదులు నీ కత్తిదెబ్బకి గవ్వలు వెయ్యక్కర్లేదు. తగిలిందా, ఎంతటివాడైనా పడాల్సిందే!" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. తీరా మైలయ్య మూడేసి గళ్ళు ఈడ్చుకుంటూ కోట చేరేసరికి, లోపలివాళ్ళంతా గుర్రు పెట్టి, కనకలింగం చేతిలో బందీలై, ఆట ముగిసిపోయి ఉండేది. ఆ గొప్ప దెబ్బ ఒక్కరి మీదా పడలేదు.

ఈ ఏడు చివరి ఆట రోజున కనకలింగం రెండు సవరణలతో వచ్చాడు.

"పేరమ్మవ్వా, మొదటిది రాసుకో. ఇప్పటిదాకా నా మంత్రం తగిలినవాడు గవ్వలేసి, ఆరింట్లో నాలుగు వెల్లకిలా పడితే మేలుకుంటున్నాడు. అదేం మంత్రమవ్వా, జోలపాటా? ఇకమీదట గవ్వల్లేవు. పక్కవాడు తట్టి లేపేదాకా లేవకూడదు."

"కోటవాళ్ళు చదివినా అంతేనా?" అని అడిగింది పేరమ్మ, బొగ్గుముక్క ఎత్తిపట్టి.

"అంతే! ఎవరి నోట వచ్చినా మంత్రం మంత్రమే. సమతూకం ఉండద్దా?" అని కనకలింగం తోక విదిలించాడు. ఎలాగూ కోటల్లో ఉండేది పులులూ దొంగలూ కాపలావాళ్ళూను. వాళ్ళకి మంత్రాలు ఎక్కడొస్తాయి!

"రెండోది?"

"ఏడాదంతా ఒక్క దెబ్బ కూడా వెయ్యని వేషం ఆటకి దండగ. ఇవాళ్టి ఆట అయ్యేలోగా వేస్తే సరే, లేకపోతే ఆ వేషాన్ని గోడ మీంచి చెరిపేద్దాం."

ఆ వేషం ఎవరిదో అందరికీ తెలుసు.

"మరి మైలయ్య మావ?" అంది నాగరత్నం, తల ఎత్తకుండా.

"మావకేం, దర్జాగా గడపలో పడుకుంటాడు. అంత మనిషి అడ్డం ఉంటే మనకి చలిగాలి తగలదు."

మైలయ్యకి నిజంగా ఏడుపొచ్చింది. పొలంలో కాడి, ఇక్కడ తలుపు చెక్క, ఇంతేనా తన బతుకు? కానీ నెమరు ఆపలేదు. గడిచిన మూడు మధ్యాహ్నాలూ అందరూ వెళ్ళిపోయాక అతను ఆ గోడ ముందే పడుకుని, పై నుంచి కింది దాకా ప్రతి అక్షరం చదివాడు. కనకలింగం ఎప్పుడూ తన మంత్రం ఉన్న వరసలే చదువుకునేవాడు. మైలయ్య అందరి వరసలూ చదివాడు. ఇప్పుడు ఆ కొత్త సవరణని వాటి పక్కన పెట్టి చూసుకుంటున్నాడు.

"ఒప్పుకునేవాళ్ళు కాలెత్తండి," అంది పేరమ్మ.

అందరికంటే ముందు మైలయ్య గిట్ట లేచింది.

"నీకేమైనా మతి పోయిందా మావా!" అని వీరాసామి రెక్కలు టపటపలాడించాడు.

పేరమ్మకి జాలేసింది. "అబ్బాయ్, నీ మనసు మంచిది. పోనీ, నీ అడుగులు మళ్ళీ ఆరు చెయ్యమంటావా? అడిగితే ఇవాళ ఎవరూ కాదనరు."

"వద్దవ్వా. మూడే ఉండనీ."

కనకలింగం పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశారా, ఆయనకే ఓపిక లేదు!"

రెండు సవరణలూ గోడకెక్కాయి. ఇక కోట పెట్టాలి. చివరి ఆటలో కోటకి అధిపతిగా ఎవరుండాలో, ఆ ఏడు అందరికంటే తక్కువ దెబ్బలు వేసినవాడు ఎంచుకోవడం మొదటి నుంచీ ఆనవాయితీ. పాపం, వాడికి చేతనైన శత్రువునే పెట్టుకుంటాడని ఆ ఏర్పాటు.

"చెప్పు మైలయ్యా," అంది పేరమ్మ. "ముసలి దొంగని పెట్టనా? కుంటి పులిని పెట్టనా?"

"మంత్రగత్తెని పెట్టవ్వా."

"ఏ మంత్రం తెలిసినదాన్ని?"

"ఎన్నో ఎందుకు? నిద్రమంత్రం ఒక్కటి తెలిస్తే చాలు."

పేరమ్మ మెడ పెంకులోంచి బారెడు బయటికొచ్చింది. ఒకసారి గోడ వైపు, ఒకసారి ఎద్దు వైపు చూసి, నల్ల గులకరాయి ఒకటి తీసి కోట గుమ్మంలో పెట్టింది. కనకలింగం ఆ చూపు గమనించలేదు. ఒంటరి ఆడది, ఒక్క మంత్రంతో పడుకోబెట్టేయచ్చు అని మీసాలు దువ్వుకుంటున్నాడు.

ఎప్పటిలాగే గుమ్మానికి పద్దెనిమిది గళ్ళ దూరంలో ఆట మొదలైంది.

మొదటి వంతులో నక్క ఆరు గళ్ళు ఉరికాడు. మాంత్రికుడి నీడలో ఉంటే హాయి కదా అని మేకా పుంజూ అతని పక్కనే ఉరికాయి. మైలయ్య మూడు గళ్ళు జరిగాడు. రెండో వంతులో వాళ్ళు ఇంకో ఆరు, మైలయ్య ఇంకో మూడు. ఇప్పుడు గుమ్మానికి వాళ్ళు ఆరు గళ్ళలో ఉన్నారు, మైలయ్య పన్నెండు గళ్ళలో ఉన్నాడు.

"వచ్చే వంతులో మంత్రం చదువుతాను, కాచుకో!" అన్నాడు కనకలింగం. నడిచిన వంతులో మంత్రం చదవకూడదు, అదీ గోడ మీద ఉంది.

"ముందు నా వంతు రానీ నాయనా," అంది పేరమ్మ. గొంతు సవరించుకుని, మంత్రగత్తె గొంతుతో మెల్లగా, తియ్యగా నిద్రమంత్రం చదివింది. "ఎనిమిది గళ్ళ లోపల ఉన్నవాళ్ళంతా నిద్ర."

మేక రాయి, పుంజు రాయి, నక్క రాయి మూడూ పక్కకి ఒరిగాయి.

"ఆగాగు! గవ్వలేవి?" కనకలింగం కేక పెట్టాడు. "నా గవ్వలు నాకివ్వు! ఆరింట్లో నాలుగు పడితే లేస్తాను!"

పేరమ్మ కాలితో గోడ చూపించింది. బొగ్గు ఇంకా చెయ్యి తగిలితే అంటుకునేంత కొత్తగా ఉంది.

"అది... అది కోటవాళ్ళకి రాసింది కదా!"

"ఎవరి నోట వచ్చినా మంత్రం మంత్రమేనని ఎవరో అన్నారే," అంది నాగరత్నం. నిద్రపోతున్నదాన్నని గుర్తొచ్చి వెంటనే కళ్ళు మూసుకుంది.

మైలయ్య నిద్రపోలేదు. పన్నెండో గడిలో నిలబడి ఉన్నాడు. కనకలింగం కత్తిరించిన ఆ మూడు గళ్ళే అతన్ని మంత్రానికి అందకుండా ఆపాయి. ఆరేసి నడిచి ఉంటే ఈపాటికి అతనూ నక్క పక్కన గుర్రు పెడుతూ ఉండేవాడు.

మంత్రగత్తె మూడు వంతులు గొంతు ఆరబెట్టుకోవాలి. నాలుగో వంతుకి మళ్ళీ చదువుతుంది. ఈలోగా మైలయ్య పన్నెండు గళ్ళు దాటాలి. మూడు నాలుగులు పన్నెండు. ఒక్క అడుగు తడబడినా ఆట పోతుంది, వేషమూ పోతుంది. ఈ లెక్కని అతను నెమరుతో పాటు మూడు మధ్యాహ్నాలు నమిలాడు.

తొమ్మిదో గడి. మంత్రగత్తెకి ఒక వంతు గడిచింది.

ఆరో గడి. పక్కనే నక్క రాయి పడి ఉంది.

"మావా! మైలయ్య మావా!" కనకలింగం గొంతు తేనెలా మారిపోయింది. "ఒక్కసారి నన్ను తట్టు. లేచి నా మంత్రంతో దాన్ని పడుకోబెడతా. గెలుపంతా నీదేనని గోడ మీద నేనే రాస్తా. మన ఇద్దరి మధ్యా ఏముంది చెప్పు!"

మైలయ్య ఆగి కిందికి చూశాడు. తట్టి లేపితే ఒక వంతు పోతుంది. ఒక వంతు పోతే మంత్రగత్తె నోరు పెగులుతుంది.

"అల్లుడూ, నాలుగేళ్ళుగా నువ్వు పని చేస్తే నేను చూస్తూ కూర్చున్నాను," అన్నాడు మైలయ్య. "అలిసిపోయి ఉంటావు. ఇవాళ పడుకో."

వీరాసామి నిద్ర సంగతి మరిచిపోయి కొక్కొరొకో అన్నాడు. మైలయ్య మూతితో తన రాయిని జరిపాడు. మూడో గడి. మంత్రగత్తెకి మూడో వంతూ గడిచింది. పేరమ్మ గొంతు సవరించుకుంటోంది.

ఒకటి. రెండు. మూడు. మైలయ్య రాయి ఠక్కుమని గుమ్మానికి తగిలింది.

"దెబ్బ!" అన్నాడు. బ్యారన్ పైకప్పు రేకులు అదిరేలా అన్నాడు. నాలుగేళ్ళుగా ఆ మాట గొంతులో దాచుకున్నవాడు మరి!

"గవ్వలు! గవ్వలు వెయ్యాలి!" కనకలింగం గెంతాడు.

"యోధుడి దెబ్బకి గవ్వలు అక్కర్లేదు. తగిలిందా, ఎంతటివాడైనా పడాల్సిందే," అని గోడ మీంచి ఒక్కో మాటా ఒత్తి చదివింది పేరమ్మ. "ఇది రాయించింది నువ్వే నాయనా." అని నల్ల గులకరాయిని మైలయ్య కాళ్ళ ముందుకి దొర్లించింది. "కోట గెలిచావు అబ్బాయ్!"

మేకా పుంజూ లేచి మైలయ్య చుట్టూ గెంతులేశాయి. ఎద్దు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి అవి సంతోషంతో వచ్చినవి, దాచుకోవాలనీ అనిపించలేదు.

చివరి ఆట గెలిచినవాడు ఒక సవరణ రాయించచ్చు. తన అడుగులు పెంచుకుంటాడనో, మంత్రం చెరిపిస్తాడనో అందరూ అనుకున్నారు. మైలయ్య అవేవీ అడగలేదు. "ఒక వేషానికి సవరణ తెచ్చినవాడు, వచ్చే ఏడు ఆ వేషం ఎంచుకోకూడదు. అంతే రాయవ్వా," అన్నాడు. "ఇవాళ్టి సవరణకీ ఇదే వర్తిస్తుంది." నాలుగు కాళ్ళు ఒక్కసారి లేచాయి. అయిదోది, నక్కది, కాసేపు తటపటాయించి తనూ లేచింది. ఒంటరిగా కింద ఉండిపోతే ఏం బావుంటుంది!

మరుసటి ఏడు ముసురు మొదలైన మొదటి మధ్యాహ్నం వీరాసామి మాంత్రికుడయ్యాడు. పేరమ్మ కోటలో ఆ ఏడంతా మంత్రం వచ్చినవాళ్ళే కాపలా ఉన్నారు. విలుకాడి వేషం కనకలింగానికి దక్కింది. రెండు వంతులు నడిచాడో లేదో కోటవాళ్ళ మంత్రానికి పడిపోయాడు, పక్కవాళ్ళు తట్టేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. మూడోసారి పడ్డాక ఇక ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

"అవ్వా, ఈ నిద్రమంత్రం మరీ మితిమీరిపోలేదూ? తగిలినవాడికి గవ్వలైనా ఉండాలి కదా. సమతూకం ఉండద్దా?"

సవరణల రోజుకి ఇంకా నెల ఉందన్నా వినలేదు. అందరూ పడీ పడీ నవ్వి, అప్పటికప్పుడే కాళ్ళెత్తేశారు. పేరమ్మ గోడ దగ్గరికి నడుస్తూ ఆగి, "మైలయ్యా, పనిలో పని, నీ అడుగులు కూడా మార్చేయనా?" అని అడిగింది.

"మూడే ఉండనీ అవ్వా," అన్నాడు మైలయ్య నెమరేస్తూ. "నాకు అలవాటైపోయాయి."

తన మేలుకి నియమం రాసుకునేవాడు, అదే నియమం ఎదుటివాడి చేతికి వెళితే తనకేమవుతుందో ముందే చూసుకోవాలి.