మూడు కర్రల చప్పుడు

అనగనగా, నదులకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, తామ్రగిరి అనే రాజ్యం. ఆ రాజ్యానికొక రాజు, ఆ రాజుకొక సభ.

ఆ సభకు ఒక ఆచారం ఉండేది, పిల్లలూ. ఊరికొక పెద్ద వచ్చి అందులో కూర్చునేవారు. ప్రతి ఒక్కరి చేతిలో తమ ఊరివాళ్లు చెక్కి ఇచ్చిన గట్టి చండ్రమాను కర్ర. రాజు తప్పు చేస్తే ఆ కర్రతో రాతినేల మీద కొట్టాలి. మూడు కర్రలు మోగితే చాలు, ఎంతటి రాజైనా సింహాసనం దిగాలి. తగవు తీరేదాకా నిలబడాలి.

తరతరాల రాజులు అలాగే లేచారు, నిలబడ్డారు, మళ్లీ కూర్చున్నారు. రాజ్యం చల్లగా సాగింది.

తరవాత మణికుండలుడు రాజయ్యాడు. చెడ్డవాడేం కాదు. కూర్చున్నవాడు లేవడానికి ఒప్పుకోడు, అంతే. ఉప్పు మీద పన్ను వేశాడు. కర్రలు మోగాయి. లేచి నిలబడి, పన్ను ఎత్తేయాల్సి వచ్చింది.

"ఈ చప్పుడుకు నా తల పగిలిపోతోంది, పేరయ్యా," అన్నాడు సభాపతితో.

"ఏలినవారి తలకంటే నేల గొప్పదా ప్రభూ?" అన్నాడు పేరయ్య. సభ అంతటా మందపాటి తివాచీ పరిపించాడు.

సభికులు చెప్పులు విడిచి నడిచి చూసుకున్నారు. "పచ్చికలా ఉందే," అని మురిసిపోయారు. జొన్నచేల ఊరి పెద్ద చెన్నక్క, ముసలామె, ఆమె ఒక్కతే అంచున ఆగిపోయింది.

"మెత్తగా ఉంది, సరే. కొడితే మోగుతుందా?"

"నీకు మెత్తనిది అలవాటు లేదులే పెద్దమ్మా," అన్నాడు పేరయ్య. సభ నవ్వింది.

ఉప్పు పన్ను మళ్లీ వచ్చింది. కర్రలు కొట్టారు. పిల్లి నడిచినంత చప్పుడు. రాజు లేవలేదు.

రెండో ఏడు, కొత్త కోట కట్టడానికి ఇంటికొకరిని వెట్టికి లాక్కెళ్లారు. ఈసారి కొందరు తివాచీ అంచు మడిచి రాతిమీద కొట్టబోయారు. పేరయ్య వాళ్ల కర్రల కొసలకు జరీ కుచ్చులు కట్టించాడు. "మా ఊళ్లో ఎవరి కర్రకూ ఇంత సింగారం లేదు," అని ఒకరికొకరు చూపించుకున్నారు. అవతల కోట గోడ కింద మనుషులు నలిగిపోతున్నారు.

మూడో ఏడు వానలు లేవు. విత్తనాల గాదెలు తెరిచి కోటకు తోలమన్నాడు రాజు. పంట పట్టుకెళితే ఒక ఏడు ఆకలి. విత్తనం పట్టుకెళితే ఇక ఊరే ఉండదు. అంత ఘోరానికి ఆ సభ ఏం చేసిందో తెలుసా? కర్రలు గుమ్మం బయట పెట్టి రమ్మంటే పెట్టి వచ్చింది. చేతికి తాంబూలం ఇస్తే నోట్లో కుక్కుకుంది.

చెన్నక్క తాంబూలం ముట్టలేదు.

"విత్తనం జోలికి పోకు నాయనా. పిల్లలు ఆకలికి ఏడ్చినా మేం ఆ గాదె తెరవం."

"ఆచారానికి మూడు కర్రలు కావాలి కదా చెన్నక్కా," అన్నాడు రాజు. "నీతో ఇంకెవరు?"

ఆమె చుట్టూ చూసింది. బుగ్గలు కదులుతున్నాయి. నోళ్లు తెరుచుకోలేదు.

ఊరికి వచ్చాక అందరూ చుట్టుముట్టారు. "రాజు ఏమన్నాడక్కా?"

"రాజుకు వినపడలేదు."

"మరి సభ?"

"సభ నములుతోంది."

చెన్నక్క రోట్లోంచి రోకలి తీసి, కళ్లం మీద ఒక్కసారి కొట్టింది. పక్కింటామె తన రోకలి తెచ్చింది. గునపాలు వచ్చాయి, కాడిమానులు వచ్చాయి. పక్క ఊరు విని అందుకుంది, దాని పక్క ఊరూ అందుకుంది.

అరుపుల్లేవు, తిట్లు లేవు. కోట వైపు అడుగు వేయడం, నేలను కొట్టడం. ఒక్క చీమ నడిస్తే తెలియదు గానీ, ఆ రోజు రాజ్యమంతా నడిచింది. బావుల్లో నీళ్లు వణికాయి. కొండల్లో పక్షులన్నీ ఒక్కసారిగా లేచి ఎండను కమ్మేశాయి. కోటలో గొలుసు దీపాలు వాటంతటవే ఊగాయి.

"ఉరుమా, పేరయ్యా?" అన్నాడు రాజు. ఆకాశంలో మబ్బు లేదు. పేరయ్య ఏదో చెప్పబోయాడు. నోటినిండా తాంబూలం.

కోట గుమ్మంలో భటులు ఈటెలు ఎత్తారు. ఎదురుగా వస్తున్నది తమ తల్లులే. ఈటెలు తిరగేసి, వాళ్లూ నేలను కొట్టారు.

రాజు పరుగున సభలోకి వచ్చి తివాచీని తన చేతులతోనే చించాడు. "సభికులారా, కొట్టండి. విత్తనం వదిలేస్తాను. ఉప్పు పన్నూ తీసేస్తాను. లేచి నిలబడ్డాను, చూడండి." కొట్టడానికి కర్రలేవి? గుమ్మం బయట ఉన్నాయి. కర్రలకూ సభకూ నడుమ జనం ఉన్నారు.

చెన్నక్క ముందుకొచ్చింది. ఆమె గొంతులో కోపం కంటే జాలే ఎక్కువ వినిపించింది.

"మూడు కర్రలకు లేచి ఉంటే మళ్లీ కూర్చునేవాడివి నాయనా. ఇప్పుడు నేలే లేచింది. ఇక కూర్చోవడానికి చోటు లేదు."

ఆ రోజు రాజు పోయాడు, సభ పోయింది. విత్తనం దక్కింది. కానీ ఆ అదురుకు కోట కూలి, దాని కింద రెండువైపుల వాళ్లూ పోయారు. మూడు కర్రలతో తీరిపోయే తగవుకు అన్ని ప్రాణాలు.

రాజుకు ఎదురు చెప్పే సభే రాజుకు కాపు. ఆ సభ మెత్తబడిననాడు, దాని మాట నేలే చెబుతుంది.