కందెన దాలమ్మ కూత

నా రెండు కళ్ళ మీద ఒట్టు. నా నోట్లో మిగిలిన మూడు పళ్ళ మీద ఒట్టు. పొయ్యి మీద కాగుతున్న పాల మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో గోరంత అబద్ధం లేదు. ఉంటే గింటే తగ్గించి చెప్పడమే కానీ, పెంచి చెప్పడం మా వంశంలోనే లేదు.

కొండలు ఇంకా నిలబడడం నేర్చుకుంటున్న కాలం. మనుషుల కంటే ఎడ్లకే ఎక్కువ ఊళ్ళు తెలిసిన కాలం. ఆ కాలంలో సముద్రపు ఒడ్డున ఒక బండ్ల కంపెనీ ఉండేది.

దాన్ని మొదలుపెట్టినవాడు సన్యాసినాయుడి తాత. మొదలుపెట్టిన రోజు ఆయనకు ఉన్నది ఒక బండి, ఒక కుంటి ఎద్దు. రెండో ఎద్దు బదులు ఆయనే మెడ మీద కాడి వేసుకున్నాడు. తాత కాలంలో ఒక బండి. తండ్రి కాలంలో వంద బండ్లు. నాయుడి కాలానికి వెయ్యి బండ్లు.

వెయ్యి బండ్లూ ఒకే వరసలో కదిలేవి. ముందు బండివాళ్ళు కొండ మీద అన్నం వండుకు తింటుంటే, చివరి బండివాడు ఇంకా సముద్రంలో మొహం కడుక్కుంటూ ఉండేవాడు. పైకి ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు. కిందికి చింతపండు, పసుపు, కుంకుడుకాయలు. దారిలో ఏడు మజిలీలు. ప్రతి మజిలీలో అలసిన ఎడ్లను విప్పి, పడుకుని లేచిన ఎడ్లను కట్టేవారు. చదువు రానివాళ్ళకు కూడా ఏ బస్తా ఎక్కడ దించాలో తెలియాలని గూడేనికో గుర్తు. ఒక గూడేనికి చేప, ఇంకో గూడేనికి నెలవంక, మరో గూడేనికి తేలు. ఒక్క బస్తా దారి తప్పితే నాయుడికి మూడు రోజులు ఆవలింత కూడా వచ్చేది కాదు.

ఆ కంపెనీలో అందరికంటే చిన్న పని దాలమ్మది. ఇరుసులకు కందెన పూయడం. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి నూరి, వెదురు గొట్టంలో నింపుకుని, వెయ్యి బండ్లకూ రెండు వేల చక్రాలకూ పూసేది. మోచేతుల దాకా నలుపే. ఆమె చెంబు పట్టుకుంటే చెంబు నలుపు, పిల్లిని నిమిరితే పిల్లి నలుపు. ఆ ఊళ్ళో తెల్లపిల్లి ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు.

దాలమ్మ పూసిన చక్రం చీమ నడిచినంత చప్పుడు కూడా చేసేది కాదు. ఒక్క చక్రం తప్ప. ముందు బండి ఎడమ చక్రానికి ఆమె సగం కందెనే పూసేది. ఇరుసు కాలకుండా ఉండేటంత, చక్రం కూసేటంత. కాబట్టి వెయ్యి బండ్ల వరసలో ఒకే ఒక్క కూత వినబడేది.

కిర్రు... కిర్రు... కిర్రు...

ఒకరోజు నాయుడు భోంచేసి కునుకు తీస్తుంటే ఆ కూత చెవిలో పడింది. లేచి వీధిలోకి వచ్చాడు.

"ఏటే దాలీ, ఆ కూతేటి? వెయ్యి బండ్ల కంపెనీ ముందు బండి అలగ ఏడుస్తా ఎల్తే, కందెనకి కూడా గతిలేదనుకోరా జనం?"

"బాబూ, అది ఏడుపు కాదు. ఎనకోళ్ళని పిలుస్తన్నాది."

"పిలవడానికి అదేమన్నా మీ అత్తా? పని ఎగ్గొట్టి పైగా కబుర్లు! రేపట్నుంచి నువ్వు పేడ ఎత్తు."

దాలమ్మ చేతిలో గొట్టం పోయి నెత్తి మీద పేడ తట్ట వచ్చింది. ముందు బండి ఎడమ చక్రానికి ఇంకెవరో కందెన దిట్టంగా దట్టించారు. కంపెనీ మొత్తం మూగబోయింది. నాయుడు ఆ మధ్యాహ్నం ఎంత హాయిగా నిద్రపోయాడంటే, ఆ గురకకి సముద్రం నాలుగు అడుగులు వెనక్కి పోయింది. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది, వెళ్ళి కొలుచుకో.

మూడో రోజుకు కొండ మీంచి సుక్రు అనే ముసలాయన దిగి వచ్చాడు. పన్నెండు గూడేల తరఫున వచ్చాడు.

"నాయుడుబాబూ, మా పన్నెండు గూడేల్లో చిటికెడు ఉప్పు లేదు. పసువులు రాళ్ళు నాకుతున్నాయి. బాలింతకి పెట్టే గంజిలో కూడా ఉప్పు లేదు. నెల తిరిగేసరికి వానలు పడతాయి. వానలు పడితే కనుమ మూసుకుపోద్ది. నాలుగు నెలలు మేం ఉప్పు మొహం చూడం."

"నా తాత మెడ మీద కాడి మోసి పెట్టిన కంపెనీ ఇది. నీ ఉప్పు వస్తాది, పో," అన్నాడు నాయుడు.

వెయ్యి బండ్ల ఉప్పు కదిలింది. మబ్బుకనుమ దాకా బాగానే వెళ్ళింది. ఆ కనుమలో పట్టపగలే మంచు దిగుతుంది. మామూలు మంచు కాదు. కత్తితో కోసి గంపలో ఎత్తుకోవచ్చు. అందులో ఎద్దుకు తన కొమ్ములే కనబడవు. ముందు బండి కనబడదు. ఇప్పుడు వినబడదు కూడా. ఒక ఎద్దు కుడికి పోయింది, ఒకటి ఎడమకి పోయింది. సగం బండ్లు వాగులోకి దిగాయి. ఉప్పు కరిగి వాగు ఉప్పునీళ్ళయింది. చేపలు దారి తప్పి సముద్రమే అనుకున్నాయి.

బండ్లు తిరిగొచ్చాయి. దాలమ్మ పేడ తట్ట దించి అంది.

"బాబూ, ముందు బండిని కూయనీ."

"నీ తట్ట నువ్వు చూసుకో."

రెండోసారి బండికో కాగడా కట్టి పంపాడు. మంచు కాగడాలను గుటకేసింది. పట్టుకున్నవాడికి తన చెయ్యే కనబడలేదు. బండ్లు మళ్ళీ తిరిగొచ్చాయి.

"బాబూ, ముందు బండిని కూయనీ."

"నీ తట్ట నువ్వు చూసుకో."

మూడోసారి ఎద్దుకో గంట కట్టి పంపాడు. రెండు వేల గంటలు ఒక్కసారి మోగాయి. ఏది ముందు గంటో ఏది వెనక గంటో తెలీక ఎడ్లు తమ చుట్టూ తామే తిరిగాయి. కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయంటారు. బండ్లు మళ్ళీ తిరిగొచ్చాయి.

పడమట మబ్బు పట్టింది. సుక్రు వెళ్ళకుండా నాయుడి అరుగు మీదే కూర్చున్నాడు. అలా చూస్తూ కూర్చున్నాడంతే. ఆ చూపు నాయుడికి అన్నం సయించనివ్వలేదు. ఈసారి ఆయనే పశువుల సాలకు వచ్చాడు.

"దాలీ, ఇది ఆఖరి ఉప్పు. ఇది కూడా పోతే వానలొచ్చేస్తాయి. నిజంగా ఆ కూతకే ఎడ్లు నడుస్తాయా?"

"బాబూ, కళ్ళు మూసుకుని బస్తా మోసేవోడికి ముందోడి దగ్గు చప్పుడే దారి. ఎద్దుకైనా అంతే."

"అయితే కూయించు."

దాలమ్మ ముందు బండి చక్రం విప్పించింది. ఇరుసు కందెనలో ఊరిపోయి ఉంది. వానకు ముందు బయల్దేరాలన్న తొందరలో బూడిదేసి, గడ్డేసి, ఇసకేసి తోమింది. తోమి తోమి చుక్క కందెన లేకుండా చేసేసింది. ఎప్పుడూ సగం ఉంచే మనిషి, ఆ రోజు సగం ఉంచడం మరిచిపోయింది. అదే ఆమె చేసిన తప్పు. చేశాక చూసుకోలేదు. తన పాత కందెన గొట్టం చంకలో పెట్టుకుని ముందు బండి ఎక్కేసింది.

కిర్రు... కిర్రు... కిర్రు...

ఆ కూత ఏడు మజిలీల దాకా వినబడింది. మంచులో వెయ్యి బండ్లూ పూసలదండలా ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. ఇంకా మూడు మలుపులే ఉన్నాయి. అప్పుడు ముందు బండి తోలే గౌరీసు ముక్కు ఎగబీల్చాడు. దాలమ్మను అక్క వరసలో అప్పా అనేవాడు.

"ఒలప్పా, ఏటో కాలుతున్నాది."

వంగి చూసింది దాలమ్మ. ఎడమ ఇరుసు పొగలు కక్కుతోంది.

"కందెన పెట్టప్పా! ఇరుసు ఇరిగిపోద్ది!"

"పెడితే మూగబోద్దిరా. ఎనకాల ఎడ్లకి దారేది?"

"పెట్టకపోతే బండి ఇక్కడే కూలబడద్ది! ఎనకాల వాటికి దారే ఉండదు!"

దాలమ్మ గొట్టం విప్పి, తన చేత్తో తనే, ఇరుసుకు నిండా కందెన పూసింది. పొగ చల్లారింది. చక్రం మూగబోయింది. వెనక తొమ్మిది వందల తొంభై తొమ్మిది బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొండ మీద పెద్ద చినుకు ఒకటి పడింది. మంచులో ఎడ్ల ఊపిరి తప్ప ఇంకే చప్పుడూ లేదు.

దాలమ్మ బండి మీద వెనక్కి తిరిగి కూర్చుంది. కొంగు నడుముకు బిగించింది. నోరు తెరిచింది.

"కిర్రు... కిర్రు... కిర్రు..."

"అప్పా, నీకేటైనా పట్టిందా?" అన్నాడు గౌరీసు.

"నువ్వు తోలరా ఎదవా. కిర్రు... కిర్రు..."

వెనక ఎడ్లు చెవులు రిక్కించాయి. ఒకటి అడుగేసింది. దాని వెనక ఇంకొకటి. మొదటి మలుపులో ఆమె గొంతు బొంగురు పోయింది. రెండో మలుపులో గొంతు చిరిగింది. మూడో మలుపుకు ఆ కూత అచ్చం ఎండిన ఇరుసు కూతే. చక్రానికీ దాలమ్మకీ తేడా కన్నతల్లి కూడా చెప్పలేకపోయేది. ఆ రోజు పొద్దుగూకే లోపల వెయ్యి బండ్ల ఉప్పూ చేప గుర్తుది చేప గూడేనికి, తేలు గుర్తుది తేలు గూడేనికి దిగింది. చివరి బస్తా ఇంట్లో పెట్టాకే వాన కురిసింది. మొహమాటంతో ఆగిందంటారు కొండవాళ్ళు.

ఆ తర్వాత దాలమ్మ నూట ముప్ఫయ్యేళ్ళు బతికింది. గొంతు మాత్రం మళ్ళీ మామూలు కాలేదు. "అన్నం తిన్నావా" అని ఆమె ఎవరినైనా పలకరిస్తే, దారిన పోయే ఎడ్లు ఆమె వెంట నడిచి ఇంటిదాకా వచ్చేవి.

ఆమె పోయిన రోజున కంపెనీలో ఒక్క ఇరుసుకూ ఎవరూ కందెన పూయలేదు. వెయ్యి బండ్లు, రెండు వేల చక్రాలు, ఒక్కసారిగా కూస్తూ ఆమెను సాగనంపాయి. సన్యాసినాయుడు కూడా ఆమెతో పోటీపడి బతికి, అప్పటికి వంగిపోయి కర్ర పట్టుకు నడుస్తున్నాడు. ఆ కూత మధ్యలోనే చివరిదాకా నడిచాడు. ఒక్కసారి కూడా చెవులు మూసుకోలేదు.

బండ్లు పోయి లారీలు వచ్చాయి. కంపెనీలు మారాయి. గూడెం గుర్తుల బదులు కాగితాలు, చీటీలు వచ్చాయి. మబ్బుకనుమ మాత్రం కదల్లేదు, మంచూ కదల్లేదు. ఇప్పటికీ ఆ మూడు మలుపుల దగ్గర ముందు లారీ డ్రైవరు మూడుసార్లు హారన్ కొడతాడు. కొట్టి ఊరికే పోడు. ఆగుతాడు. వెనకవాడు బదులు కొట్టేదాకా ఆగుతాడు. కొత్తగా వచ్చినవాడు ఎందుకని అడిగితే, "అప్ప పిలుస్తున్నాది" అంటారు. ఆ పైన గూడేల్లో కొత్త ఉప్పు బస్తా విప్పితే, మొదటి గుప్పెడు వెనక వచ్చే బండివాడికని తీసిపెట్టి, వాడు వచ్చాకే పొయ్యి వెలిగిస్తారు. ఇదీ నిజమే. పైన చెప్పినదంతా ఎంత నిజమో, ఇదీ అంతే నిజం.

సరే, కథ అయింది, తెరిచిన నోరు మూసి లే. ఇదిగో ఈ ఎండుచేపల మూట. లారీ ఆఫీసులో సాయంత్రం కొండెక్కే లారీ ఉంటుంది, బయల్దేరక ముందే పరిగెత్తు. మా వదిన గూడెంలో దించమని డ్రైవరుకు చెప్పు. దారిలో మూట విప్పి వాసన చూడకు. అతను బండి ఎక్కబోతుంటే ఒక్క మాట అడుగు. వెనక ఇంకో లారీ వస్తోందా అని. రాకపోతే బదులిచ్చేవాడు లేక అతను అక్కడే ఆగిపోతాడు, కాబట్టి నువ్వే ఆ లారీ ఎక్కి మలుపు దాకా వెళ్ళి, అతను మూడుసార్లు కొట్టగానే గట్టిగా ఓయ్ అని బదులిచ్చి, దిగి నడిచి వచ్చెయ్.