బజ్జీల నూనె తాగిన బండి

తంగేడుమిట్టలో తెలివైన వాళ్ళెవరని ఊరందరినీ అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. చెంగల్రాయుడి ఇంట్లో అడిగితే మాత్రం ముగ్గురూ ఒకేసారి చేతులెత్తుతారు. ఆ ముగ్గురూ చెంగల్రాయుడు, ఆయన భార్య దొరసానమ్మ, తమ్ముడు మునిరత్నం. ఎవరు ఏ మాట చెప్పినా పొల్లుపోకుండా చెప్పినట్టే చేయడం వాళ్ళింటి తెలివి. "ఊళ్ళో వాళ్ళకు చెప్పింది చెవిలో నిలవదు. మనకు ఒకసారి చెప్తే చాలు, ఇంగ యాడికీ పోదు" అని చెంగల్రాయుడు మీసం దువ్వుకుంటూ ఉంటాడు.

అది నిజమే. ఒకసారి కరెంటాయన వచ్చి, తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దమ్మా అని దొరసానమ్మకు చెప్పిపోయాడు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ అంట్లు తోముతూ తోముతూ లేచి వచ్చి, గోడ మీదికి కాలెత్తి, తడి బొటనవేలితో స్విచ్చి వేసేది. మూడో రోజు అది విదిలించిన విదిలింపుకు ఎగిరి కోళ్ళగంప మీద పడింది. లేపడానికి వచ్చిన వాళ్ళతో "చూసుకోండి, చెయ్యి మాత్రం తగలనీలేదు!" అంది. మొగుడూ మరిదీ ఆమెను చూసి మురిసిపోయారు.

వాళ్ళకొక పాత పికప్ బండి ఉంది. నీలం రంగుదని చెంగల్రాయుడు అంటాడు గానీ చూసేవాళ్ళకు తుప్పు తప్ప ఏమీ కనబడదు. పోయినేడు టమాటా తొలికోత వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరితే, చింతతోపు మలుపు దగ్గర డీజిలు అయిపోయి ఆగింది. రెండు రోజులు అక్కడే ఉంది. టమాటాలు కుళ్ళి రోడ్డు మీదికి కారుతుంటే, తోడల్లుడు కోదండం తన టెంపోలో హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. పోయేవాడు ఊరికే పోకుండా తల బయటికి పెట్టి, "ఏమబ్బా చెంగల్రాయా, రోడ్డుకు చారు పోస్తాండావా?" అన్నాడు. ఆ మాటతో చెంగల్రాయుడికి ఏడాదంతా అన్నం సయించలేదు. ఈ ఏడు తొలికోత తన బండిలోనే మార్కెట్టు చేరాలి, కోదండం కళ్ళారా చూడాలి, లేకపోతే జన్మలో టమాటా నాటనని ఒట్టు పెట్టుకున్నాడు.

శుక్రవారం మార్కెట్టు అనగా, సోమవారం పొద్దున్నే బండిని మెకానిక్కు మస్తాన్ దగ్గరికి తోలుకుపోయాడు. డీజిలు లేకుండా నడిచే ఉపాయం చెప్పమన్నాడు. మస్తాన్ పనిమంతుడు. అంతకుముందే రెండు ట్రాక్టర్లను వంటనూనెతో నడిపించినవాడు. సాయంత్రానికల్లా బండికి ఇంకో ట్యాంకు బిగించి, నూనెను వెచ్చబెట్టే రాగి గొట్టం చుట్టి, చేతులు తుడుచుకుంటూ నాలుగు మాటలు చెప్పాడు.

"అన్నా, బాగా విను. ఒకటి, దీంట్లో కొత్త నూనె పొయ్యొద్దు. బజ్జీలు కాల్చి కాల్చి నల్లబడిన నూనే పొయ్యాల. హోటళ్ళలో అడిగితే ఇస్తారు. రెండు, పాత పంచె నాలుగు మడతలేసి వడగట్టు. మూడు, చలికి నూనె పేరుకుంటాది, బండికి చలి తగలనీవొద్దు. నాలుగు, ఖాళీ బండిని ఊరికే నడపొద్దు, దండగ."

చెంగల్రాయుడు ఒక్కో మాటకూ ఒక్కో ముడి చొప్పున తువ్వాలుకు నాలుగు ముడులేసుకుని ఇంటికొచ్చాడు. మొదటి ముడి విప్పగానే దొరసానమ్మ మూతి తిప్పింది.

"హోటలోళ్ళ ఎంగిలి నూనె మన బండికా? మనింట్లో బాణలి లేదా, నా చేతుల్లో సత్తువ లేదా?"

"అదే నేనూ అనుకుంటాండా" అన్నాడు మునిరత్నం. "పాత నూనె కావాలంటే ముందు కొత్త నూనె ఉండాల గదా వదినా!"

ఇంకేముంది! ఆ మాటకు చెంగల్రాయుడు తమ్ముణ్ణి కావలించుకున్నంత పని చేశాడు. మంగళవారం తెల్లారేసరికి గానుగ నుంచి అయిదు డబ్బాల వేరుశనగ నూనె దిగింది. డీజిలుకు మించిన ధర ఆ నూనెకు పోసి డీజిలు పొదుపు చేస్తున్నామని ఆ ముగ్గురూ అనుకుంటుంటే, కాదనడానికి అక్కడ నాలుగో మనిషి లేడు. వాకిట్లో పొయ్యి పెట్టారు. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే పెద్ద బాణలి తెచ్చి దాని మీద కూర్చోబెట్టారు. దొరసానమ్మ శనగపిండి కలిపి మిరపకాయ బజ్జీలు మొదలుపెట్టింది.

వాసన ఊరంతా పాకింది. జనం ఆకులు పట్టుకుని వచ్చేశారు. "తినండి, తినండి, మా బండికి ఉపకారం చేసినవాళ్ళవుతారు" అని చెంగల్రాయుడు అందరినీ బతిమాలి తినిపించాడు. ఊళ్ళో అంతకుముందు అతణ్ణి ఎగతాళి చేసిన నోళ్ళన్నీ ఆ పూట బజ్జీలతో నిండి, అతణ్ణి ధర్మరాజన్నాయి.

మధ్యాహ్నానికి మునిరత్నం బాణలిలోకి తొంగిచూసి గుండె బాదుకున్నాడు. "అన్నా, మునిగినామన్నా! నూనె సగమే ఉండాది!"

నిజమే. బజ్జీలు నూనె పీల్చేస్తున్నాయి, బజ్జీలను ఊరు మింగేస్తోంది. "అంటే మన బండి తాగాల్సిందాన్ని ఈళ్ళు తాగుతాండారా!" అని చెంగల్రాయుడు మండిపడ్డాడు. అంతే, ఊరికి పెట్టడం ఆగిపోయింది. బాణలిలోంచి తీసిన ప్రతి బజ్జీని మునిరత్నం గుడ్డలో చుట్టి, బాణలి మీద పట్టుకుని, పాలు పితికినట్టు పిండడం మొదలుపెట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి గానీ చుక్క వదల్లేదు. పిండగా మిగిలిన బజ్జీలు పిడకల్లా అరుగంతా పేరుకున్నాయి. తీసుకోండని ఊళ్ళో వాళ్ళను పిలిస్తే, అప్పటికే కడుపులు చెడిన జనం చెంబులు పట్టుకుని తలోవైపు పోతున్నారు.

బుధవారానికి మిరపకాయలు అయిపోయాయి. వంకాయలు వేశారు, ఉల్లిగడ్డలు వేశారు, విత్తనానికి దాచిన గుమ్మడికాయను కూడా ముక్కలు కోసి వేశారు. శనగపిండి డబ్బా బోర్లించి తట్టారు. ఇంత చేసినా నూనె బంగారు రంగులో ఉంది గానీ నల్లబడలేదు. గురువారం పొద్దున ట్యాంకులో పోయడానికి నల్లటి నూనె లేదు, బాణలిలో వేయడానికి ఇంట్లో కాయ లేదు. చెంగల్రాయుడు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఎదురుగా కూలీలు కోసి పేర్చిపోయిన నలభై బాక్సుల టమాటాలు నిగనిగలాడుతున్నాయి. వాటిని చూస్తుంటే అతనికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. నూనె లేక ఈ ఏడు కూడా ఇవి కుళ్ళిపోతాయి, ఆ కోదండం మళ్ళీ హారన్ కొడతాడు.

చూస్తూ చూస్తూ చప్పున లేచాడు. "ఒరే మునిరత్నం! ఈ నూనె ఎవురి కోసరం?"

"టమాటాల కోసరం."

"టమాటాల కోసరం ఇంతమందిమి కష్టపడతాంటే, అవి మాత్రం పనీపాటా లేకుండా బాక్సుల్లో కూచునేదేందిరా?"

ఇంకేముంది! మొదటి బాక్సు బాణలిలో పడింది. టమాటాలు టపటపా పేలి నూనె చిమ్ముతుంటే మునిరత్నం హెల్మెట్ పెట్టుకుని మరీ కలిపాడు. పది బాక్సులయ్యాక చూస్తే నూనె ఎర్రబడింది. "నల్లబడాలని గదా చెప్పింది" అని ఇంకో పది వేశారు. మరీ ఎర్రబడింది. ముప్ఫయ్యో బాక్సు దగ్గర దొరసానమ్మకు ఎందుకో చిన్న అనుమానం తగిలింది.

"ఇదిగో, అన్నీ వేసేస్తే రేపు మార్కెట్టుకు ఏం తీసుకుపోతాం?"

చెంగల్రాయుడు ఆమెను జాలిగా చూశాడు. "పిచ్చిదానా, బండి కదలకుంటే టమాటాలు యాడికి పోతాయే? ముందు బండి సంగతి చూడనీ."

అదీ నిజమే అనిపించి, ఆమె ముప్ఫై ఒకటో బాక్సు ఎత్తి ఇచ్చింది. నలభయ్యో బాక్సు మాడి బొగ్గయ్యేసరికి నూనె కాకి రంగుకు తిరిగింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

రెండో ముడి విప్పారు. ఇంట్లో పాత పంచె ఒక్కటే ఉంది, అది మునిరత్నం నడుముకుంది. "మడతలేయమన్నాడు గానీ విప్పమన్లేదు" అని అతను కట్టుకున్న పంచెనే ముందుకు లాగి నాలుగు మడతలేసి, ట్యాంకు మూతికి అటూ ఇటూ కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. అన్న చెంబుతో పోస్తుంటే సగం నూనె ట్యాంకులోకి, సగం తొడల మీదుగా మడమల దాకా పోయింది. మూడో ముడి విప్పగానే, బయట ఎండ మాడ్చేస్తున్నా సరే, దొరసానమ్మ బండికి మూడు కంబళ్ళు కప్పింది. రెండు లైట్లకూ మంకీ క్యాపులు తొడిగింది. జలుబు పట్టకుండా మిరియాల కషాయం కాచి రేడియేటర్లో పోసింది.

శుక్రవారం పొద్దున తాళం తిప్పితే, ఏ దేవుడి దయో, బండి దగ్గి, తుమ్మి, కదిలింది. మస్తాన్ పనితనం అలాంటిది. ఖాళీ బాక్సులు ముందే ఎక్కించి ఉన్నాయి. బాణలి, వాడకుండా మిగిలిన కొత్త నూనె డబ్బా ఇంట్లో ఉంటే దొంగలెత్తుకుపోతారని మునిరత్నం వాటిని కూడా ఎక్కించి తానూ వెనక ఎక్కాడు. దొరసానమ్మ ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చుంది. బండి వెనక బజ్జీల వాసన, ఆ వాసన వెనక పదహారు కుక్కలు. చింతతోపు మలుపు దాటినప్పుడు చెంగల్రాయుడు కావాలనే మూడుసార్లు హారన్ కొట్టాడు.

మార్కెట్టు గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. "సరుకేదయ్యా?"

చెంగల్రాయుడు దర్జాగా వెనక్కి చెయ్యి చూపించాడు. కాపలాదారు చూశాడు. చెంగల్రాయుడు కూడా దిగి చూశాడు. బాక్సుల్లో గాలి తప్ప ఏమీ లేదు. గబగబా తువ్వాలు తడుముకున్నాడు.

"ఏమే దొరసానీ, ఘోరం జరిగిపోయిందే! నాలుగో ముడి! ఇంత దూరం ఖాళీ బండి నడిపినాం!"

దొరసానమ్మ నోరు కొట్టుకుంది. మునిరత్నం చెంపలేసుకున్నాడు. తిరిగి ఇంటికి పోయేటప్పుడైనా తప్పు దిద్దుకోవాలి. చూస్తే పక్కనే కోదండం టెంపో నిండా టమాటాలతో నిలబడి ఉన్నాడు. దొరసానమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. చెవులకున్న బంగారు కమ్మలు తీసి అక్కమొగుడి చేతిలో పెట్టింది.

"బావా, నీ సరుకంతా మా బండిలో దించు."

కోదండానికి మతిపోయింది. "ఏం, మీ తోటలో కాయలేదా?"

"కాయకేం, నలభై బాక్సులు కాసింది" అన్నాడు చెంగల్రాయుడు తల ఎగరేసి. "అవన్నీ బండికి పెట్టేసినాం."

కోదండం కమ్మలను ఒకసారి, ఆ ముగ్గురినీ ఒకసారి చూసి, తోడల్లుళ్ళ మధ్య న్యాయం మాట్లాడే ఉద్దేశం ఏమీ లేకుండా కమ్మలు జేబులో వేసుకుని సరుకు దించేశాడు.

నిండు బండితో తిరుగుముఖం పట్టారు. చింతతోపు మలుపుకు వచ్చేసరికి బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నూనె ఖాళీ. పోవడానికి నూనె కాచారు గానీ, రావడానికి కూడా కావాలని మస్తాన్ చెప్పనే లేదు.

"భయమెందుకు? బాణలి ఉండాది, నూనె ఉండాది, బండి నిండా టమాటాలుండాయి" అన్నాడు మునిరత్నం. అతని ముందుచూపుకు వదిన దిష్టి తీసింది. అంతే, రోడ్డు పక్కన మూడు రాళ్ళు పెట్టి, చింతపుల్లలు ఏరి మంట చేశారు. బాక్సు తర్వాత బాక్సు బాణలిలో పోసి, సాయంత్రం దాకా కాల్చి కాల్చి నూనెను కాకి రంగుకు తెచ్చారు. పంచె మడతలేశారు. ట్యాంకు అంచుల దాకా నిండింది.

చెంగల్రాయుడు తృప్తిగా సీట్లో కూర్చుని తాళం మీద చెయ్యి వేశాడు. తువ్వాలు అంచు చేతికి తగిలింది. నాలుగో ముడి. మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. బాక్సుల్లో గాలి తప్ప ఏమీ లేదు. తాళం మీంచి చెయ్యి తీసేశాడు.

"మనం ముగ్గురం ఎక్కినాక ఖాళీ ఎట్లవుతాదన్నా?" అన్నాడు మునిరత్నం ఆశగా.

"మనం సరుకారా? మనల్ని ఎవురు కొంటారు?" అన్నాడు చెంగల్రాయుడు. ఆ అయిదు రోజుల్లో అతను అన్న నికార్సయిన మాట అదొక్కటే.

పొద్దు వాలే వేళకు కోదండం ఖాళీ టెంపోలో హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. చింతతోపు దగ్గర చెంగల్రాయుడు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని తోస్తున్నాడు. వెనక నూనె ఓడుతున్న పంచెతో మునిరత్నం, బోసి చెవులతో దొరసానమ్మ భుజాలు ఆనించి తోస్తున్నారు. కోదండం తల బయటికి పెట్టాడు.

"ఏమబ్బా, మళ్ళా అయిపోయిందా?"

చెంగల్రాయుడు చెమట తుడుచుకుని, ఏడాదిగా దాచుకున్న జవాబు చెప్పాడు. "అయిపొయ్యేదేంది! ట్యాంకు నిండా ఉండాది, కావాలంటే మూత తీసి చూసుకో!"

ఆ వెంటనే వెనక్కి తిరిగి కేకేశాడు. "ఏమే, గట్టిగా తొయ్యండి! ఇంగ ఆరు మైళ్ళే. చుక్క నూనె దండగ కాకూడదు."