ఉప్పు తడవని పడవ

ఎప్పటి మాటో ఏమో, మీ తాతకి తాత ఇంకా పాకుతున్న రోజుల మాట. ఒక ఏటి ఒడ్డున నూకాలు అని ఒక మనిషి ఉప్పు అమ్ముకుని బతికేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక్క తమ్ముడు, ఎర్రయ్య. తల్లి పోతే వాణ్ణి చంకనేసుకుని తనే పెంచింది. పెద్దయ్యాక వాడు రేవులో పడవ నడుపుకుంటున్నాడు.

ఉప్పు అక్కర్లేని ఇల్లు ఉంటుందా? అందుకని నూకాలు తిరగని ఊరు లేదు. ఎక్కడ ఏది బాగుంటుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. దారిన పోయేవాళ్ళు ఆపి, అక్కని పిలిచినట్టు 'అప్పా' అని పిలిచి అడిగేవారు. అడిగితే బుట్ట దించేది, కాసేపు ఆలోచించేది, అప్పుడు చెప్పేది.

"నూకాలప్పా, కుండలు ఎక్కడ కొనమంటావు?"

"దిగువీధి సన్నాసి కాడ కొను. కుండ గట్టిది. మనిషే ఒకటడిగితే పది సెప్తాడు, పొద్దుగూకిపోద్ది."

"అప్పా, కంబళి ఎక్కడ మంచిది?"

"కొండకింద సూరి నేసిందే మంచిది. సలి దూరదు. కొత్తలో గొర్రెకంపు కొడతాది, ఓర్సుకో."

"అప్పా, పురుటికి ఎవర్ని పిలవమంటావు?"

"బంగారిని పిలు. సెయ్యి మంచిది. నోరు మంచిది కాదు. సెవుల్లో దూది ఎట్టుకో."

మంచీ చెప్పేది, లోపమూ చెప్పేది. అందుకే ఆమె మాటంటే జనానికి అంత గురి.

తమ్ముడి సంగతి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. ఎర్రయ్య పడవ అడుగున చెక్కలు పుచ్చిపోయాయి. బాగుచెయ్యడానికి వాడికి బద్ధకం. నీళ్ళు ఊరినప్పుడల్లా గొంతెత్తి పాట అందుకునేవాడు. జనం పాట వింటుంటే, వాడు కాళ్ళ సందున కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడేసేవాడు!

ఒకసారి బట్టలమూటల వర్తకుడు అడిగాడు. "ఎర్రయ్య పడవ ఎలాంటిదమ్మా?" నూకాలు బుట్ట దించలేదు. వినబడనట్టు నడిచిపోయింది.

ఇంకోసారి పెళ్ళికి పోతున్న డప్పులవాళ్ళు అడిగారు. "వాడు పాటలు బాగా పాడతాడు" అంది. అబద్ధం కాదు కదా! వాళ్ళు ఎక్కారు. అవతలి ఒడ్డుకి చేరేసరికి డప్పులు నానిపోయాయి. పాపం, ఆ పెళ్ళి చప్పుడు లేకుండా జరిగిపోయింది. ఆ సంగతి తెలిశాక నూకాలుకి ముద్ద దిగలేదు.

మూడోసారి నెలలు నిండిన పిల్ల ఒకతి వచ్చింది. పుట్టింటికి పోతోంది, వెంట తల్లి ఉంది. ఎర్రయ్య పడవ ఒక్కటే రేవులో ఉంది. వాడు రమ్మని పిలుస్తున్నాడు.

"అప్పా, ఈ పడవ ఎక్కొచ్చా?" అని అడిగింది పిల్ల.

నూకాలు బుట్ట దించింది. కాసేపు ఆలోచించింది. ఈసారి ఊరుకుంటే ఆ పిల్ల ఏమవుతుందో ఆమెకి తెలుసు. నిజం చెప్తే తమ్ముడు ఏమంటాడో కూడా తెలుసు.

"నువ్విక్కడే కూకో తల్లీ. ముందు నాను ఎల్లొస్తాను" అంది.

నిండు ఉప్పుబుట్ట తీసుకెళ్ళి పడవ అడుగున పెట్టింది. తను పక్కన కూర్చుంది. "తొయ్యరా ఎర్రయ్యా. పాట పాడకు" అంది. చిప్ప తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

ఏరు దాటారు, తిరిగొచ్చారు. బుట్ట ఎత్తి చూపిస్తే అడుగున ఉప్పు లేదు, నీళ్ళు కారుతున్నాయి. ఒడ్డున అందరూ చూశారు.

"నా కూడు తీసేసినావు కదప్పా! ఇంక నువ్వెవరో నానెవరో" అన్నాడు ఎర్రయ్య.

"నిన్ను మోసిన సంకరా ఇది. ఆ పిల్ల కడుపులోదాన్ని ముంచమంటావేటి?" అంది నూకాలు. అని, పిల్లని మరో పడవ వచ్చేదాకా కూర్చోబెట్టి, ఎక్కించి, తడిసిన బుట్టతో ఇంటికెళ్ళి భోరున ఏడ్చింది.

ఎర్రయ్య ఆ ఏడు అక్క గుమ్మం తొక్కలేదు. ఎవరూ పడవ ఎక్కక, పస్తులు పడలేక, చివరికి పడవని ఒడ్డుకి లాగాడు. కొత్త చెక్కలు వేశాడు. సందుల్లో పీచు కూరి, గుగ్గిలం కాచి పోశాడు. వానలు వెలిశాక ఒక పొద్దున అక్క వాకిట్లో నిలబడ్డాడు.

"అప్పా, బుట్ట తే" అన్నాడు తలొంచుకుని.

దాటారు, తిరిగొచ్చారు. ఉప్పు పొడిగా ఉంది. నూకాలు రేవంతా వినబడేలా అంది: "మా ఎర్రయ్య పడవ ఎక్కండి. పడవ గట్టిది. మనిషికే కోపమెక్కువ!" జనం నవ్వారు. ఎర్రయ్య కూడా నవ్వాడు.

తర్వాత చాలా ఏళ్ళకి నూకాలు కాలం చేసింది. కర్మ అయిన మర్నాడు రేవులో ఒక తల్లి చంటిబిడ్డతో నిలబడి, ఎవర్ని అడగాలో తెలీక దిక్కులు చూస్తోంది. "నా పడవ మంచిదని నాను సెప్తే ఏటి లాభం?" అనుకున్నాడు ఎర్రయ్య. అక్క బుట్టలో మిగిలిన ఉప్పు గుప్పెడు తీసి గుడ్డలో కట్టాడు. దాన్ని పడవ అడుగున పెట్టి, ఒక్కడూ అవతలికి వెళ్ళి తిరిగొచ్చాడు. మూట విప్పి ఆమెకి చూపించాడు. చూపిస్తూ ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ రేవులో ఏ పడవా పొద్దున మొదటిసారి మనుషుల్ని ఎక్కించుకోదు. ఒక చిన్న ఉప్పుమూట ఒక్కటే ఏరు దాటి వస్తుంది. ఆ మూటని అక్కడ నూకాలప్ప అంటారు. జనం ఒడ్డున ఆగి, "అప్ప తడిసిందా?" అని అడుగుతారు.

"అప్ప పొడిగానే వచ్చింది, పిల్లల్ని ఎక్కించండి" అంటాడు పడవవాడు.