వేడి మింగిన గుల్ల

ఈ కథ నాకు మా నాయనమ్మ పైడమ్మ చెప్పింది. ఊళ్ళోవాళ్ళు వేరేలా చెబుతారు, నమ్మకు. ఊఁ కొట్టు. మధ్యలో కునుకు తీశావో, మళ్ళీ మొదలుపెట్టను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకయ్య, పైడమ్మ అని మొగుడూ పెళ్ళాం, అంటే మా తాతా నాయనమ్మా. గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, సున్నానికి అమ్మేవాళ్ళు. గుల్ల ఊరికే కాలదు. ఒక బుట్ట బొగ్గు వేస్తే ఆ వేడి మింగేసేది. అప్పుడు ఇంకో బుట్ట. ఆ తర్వాత ఇంకోటి. మంట తగ్గితే గుల్ల గుల్లగానే ఉండిపోయేది.

"ఎంత మేపినా దీని కడుపు నిండదే" అని విసుక్కునేవాడు నూకయ్య.

నూకయ్యకి చుట్టంటే ప్రాణం. ఓసారి చుట్ట నిప్పుకి పాక అంటుకోబోయింది. అప్పటికి మా నాన్న పుట్టలేదు, వాళ్ళకి ఒక్క కూతురే. పైడమ్మ ఆ కూతురి నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టేయించింది. "మళ్ళీ ముట్టావంటే పిల్లని తీసుకుని పుట్టింటికి పోతా" అంది.

ఆ తర్వాత ఓరోజు పైడమ్మ అన్న సింహాద్రిని అడిగి, నూకయ్య అతని బండి తెచ్చుకున్నాడు. కాల్చిన గుల్ల నింపాడు. తడవకుండా పైన తాటాకు చాప కప్పాలి. తొందరలో ఎండుగడ్డి కప్పేశాడు.

దారిలో మబ్బు పట్టింది. ఎద్దుల్ని అదిలించాడు. చినుకులు పడ్డాయి. వెనక్కి చూస్తే ఆవిరి. మళ్ళీ చూస్తే పొగ. మూడోసారి చూసేసరికి మంట. ఎద్దుల్ని విప్పుకున్నాడు గానీ బండి దక్కలేదు.

"వానలో బండెలా కాలిపోద్ది బావా? చుట్ట ముట్టించుంటావు" అన్నాడు సింహాద్రి.

ఊళ్ళో పిల్లలు పాట కట్టేశారు:
"నూకయ్య కాల్చిన చుట్ట,
బండంతా బూడిద గుట్ట."

పైడమ్మ మొగుడి నోరు వాసన చూసింది. పంచె రొంటిన వెతికింది. ఏమీ దొరకలేదు. అయినా బట్టలు మూట కడుతూనే ఉంది.

నూకయ్యకి కాలు నిలవలేదు. గుమ్మం దాకా వెళ్ళాడు, వచ్చాడు. బట్టీ దాకా వెళ్ళాడు. అక్కడ కాలిన గుల్ల కొంచెం మిగిలుంది. దాన్ని చూడగానే బండి మీద గడ్డీ, వానా గుర్తొచ్చాయి. అప్పుడు పైడమ్మనీ సింహాద్రినీ పిలిచి, ఆ గుల్లని కుప్ప పోసి, పైన ఎండుగడ్డి పరిచి, చెంబుడు నీళ్ళు గుమ్మరించాడు.

ముందు ఏమీ కాలేదు. సింహాద్రి నవ్వాడు. అప్పుడు కుప్ప బుస్సుమంది. ఆ తర్వాత గడ్డి నల్లబడింది, పొగ లేచింది.

"గుంటలో నీళ్ళు పోస్తే సున్నం ఉడకడం రోజూ చూస్తాం. గడ్డిని కాల్చేంత వేడి ఉందనుకోలేదు" అంది పైడమ్మ.

"మనం మేపిన వేడేనే. నీళ్ళు తగలగానే గుల్ల కక్కేసింది" అన్నాడు నూకయ్య.

పైడమ్మ మూట విప్పేసింది. సింహాద్రి మాత్రం "సర్లే" అని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదు. అది నేను మర్చిపోను. ఆ ఊళ్ళో ఇప్పటికీ పాత పాటే పాడతారు.

నువ్వు పెద్దయ్యాక అక్కడికెళ్ళి, గట్టిగా ఇది పాడి రా:

"నూకయ్య ముట్టలేదు చుట్ట,
వేడి దాచింది గుల్లల గుట్ట."

కథ కంచికి పోయింది, నువ్వు నిద్రలోకి పో. పాట మాత్రం ఆ ఊరికి చేర్చు.