దేవుడి కొడుకు వాటా

ఈజిప్టు ఫరో మెరిహోర్‌కి తన సమాధి తెగ నచ్చేసింది.

బతికుండగానే సమాధి కట్టించుకోవడం ఆ దేశపు రాజులకి అలవాటు. పని పూర్తయిందని కబురొస్తే ఆయన పల్లకీలో వెళ్ళి చూసొచ్చాడు. గోడల నిండా నీలిరంగు పిట్టలు, కప్పంతా చుక్కలు. నిజం చెప్తున్నాను, ఎవరు చూసినా ఒక్క మధ్యాహ్నం అక్కడ నిద్రపోవాలనిపిస్తుంది.

"ఇల్లు సిద్ధం. మరి నన్ను అందులో పడుకోబెట్టేదెవడు? ఇవాళే తేలాలి!" అని సభలో పట్టుబట్టాడు రాజు.

అది ఉత్తి చాదస్తం కాదు. అక్కడ రాజు పోతే 'నోరు తెరిపించడం' అనే కర్మ చేస్తారు. పైలోకంలో తినడానికీ మాట్లాడడానికీ వీలుగా, బట్ట చుట్టిన శవం పెదాలకి ఓ పనిముట్టు తాకిస్తారన్నమాట. మనకి తలకొరివి ఎలాగో వాళ్ళకది అలాగ. తండ్రికి ఆ కర్మ చేసి సాగనంపినవాడే గద్దె ఎక్కుతాడు. కొడుకు లేకపోతే, కొడుకులా నిలబడి ఎవరు చేస్తే వాళ్ళు.

మెరిహోర్‌కి కొడుకుల్లేరు. ఉన్నది ఒక్క కూతురు, హెనుత్. ఆ పిల్ల కళ్ళెత్తి చూస్తే నైలు నది కూడా ఓ క్షణం ఆగిపోయి, తర్వాత గుర్తొచ్చి మళ్ళీ కదులుతుంది. ఆ కళ్ళు చూసేది మాత్రం మేనత్త కొడుకు సాబు వైపే. సాబు అందగాడు, నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. మేనల్లుణ్ణి రాజు కూడా కొడుకులాగే చూసుకునేవాడు. బావామరదళ్ళ పెళ్ళి ఖాయమనే అందరూ అనుకున్నారు.

అప్పుడు లేచాడు రథాల అధిపతి ఉసెర్బాక్. విగ్గు మీద సుగంధాల మైనం ముద్ద పెట్టుకుంటాడు. ఎండెక్కేసరికి అది కరిగి మెడ మీదకి కారుతుంది. ఆ కారడమే అందమని అతని నమ్మకం.

"మేనల్లుడెందుకు ప్రభూ? నేను సాక్షాత్తూ అమున్ దేవుడి కొడుకుని! మా అమ్మ గదిలోకి దేవుడే వచ్చాడు. ఇల్లంతా సాంబ్రాణి వాసనేనట. గద్దెనీ యువరాణినీ నాకివ్వండి."

ప్రధాన పూజారి బుర్ర ఊపాడు. "నిజమే ప్రభూ. స్వామి నాకు కలలో చెప్పాడు."

ఆ కల కోసం ఉసెర్బాక్ గుడికి ఎన్ని ఎడ్లు తోలించాడో గుడి పశువుల పాకకే తెలుసు.

అయినా సభలో ఎవరూ నవ్వలేదు. ఎలా నవ్వుతారు? రాజుగారు కూడా అమున్ కొడుకే! ఆ సంగతి గుడి గోడ మీద రంగుల్లో వేయించుకున్నాడు. దేవుళ్ళు అలా రారయ్యా అంటే ఆయన పుట్టుకనే కాదన్నట్టు.

రాజు ముఖం వెలిగిపోయింది. "అయితే మనిద్దరం అన్నదమ్ములమా!"

"అంటే ఈయన నాకు బాబాయా నాన్నగారూ?" అంది హెనుత్.

"దేవతల ఇళ్ళల్లో ఆ పట్టింపుల్లేవమ్మా, అక్కడ అక్కాతమ్ముళ్ళకే పెళ్ళి చేసేశారు," అన్నాడు పూజారి.

"ఇంకేం! అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి," అన్నాడు రాజు.

సాబు హెనుత్ వైపు చూశాడు. హెనుత్ సింహాసనం వెనక్కి చూసింది. అక్కడ ఈకల వింజామర పట్టుకుని ఇపుకి అనే పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. వింజామర పట్టడం అక్కడ పెద్ద ఉద్యోగమే. రాజు చెవికి అంత దగ్గర్లో ఇంకెవరూ ఉండరు.

"ఇపుకి మామా, ఏదో ఒకటి అనవా?" అని గుసగుసలాడింది.

"కంగారుపడకు తల్లీ. ఆయన్ని ఇంకాస్త పైకెక్కనీ," అని ఇపుకి ముందుకొచ్చాడు. "ఉసెర్బాక్ దొరా, చిన్న అనుమానం. మొన్న వరదలకి ముందు గానుగ పెద్దాయన పోయారే, మీ నాన్నగారనుకున్నామే మేము?"

"ఆయనా? మా అమ్మ మొగుడు, అంతే. నాకు మనిషి తండ్రి లేడు!"

"అందుకేనా ఆయన కర్మ మీరు చెయ్యలేదు?"

"దేవుడి కొడుకు గానుగవాడి నోరు తెరిపిస్తాడా? మా తమ్ముడు చేశాడు. గానుగ కూడా వాడే తీసుకున్నాడు."

"న్యాయమే. చేసినవాడికే ఆస్తి. మీకు అమున్‌గారి ఆస్తి కావాలి, అంతేనా?"

"అంతే! ఈ దేశమంతా మా నాన్నది. ఆయన తర్వాత నాది!"

ఆ మాట వినగానే ఇపుకి వింజామర కింద పడేసి, నేల మీద చతికిలబడి, గుండెలు బాదుకుంటూ బావురుమన్నాడు.

"ఏమయ్యా, ఎందుకేడుస్తావ్?" అని అదిరిపడ్డాడు ఉసెర్బాక్.

"ఏడవనా మరి! ఎంత ఘోరం జరిగిపోయింది! ఇంతకీ దొరా..."

సభంతా మెడలు సాచింది.

"మీ నాన్నగారు ఎప్పుడు పోయారు?"

"అపచారం!" అని పూజారి ఎగిరి గంతేశాడు. "అమున్‌కి చావేమిటి!"

"పోలేదా? కాస్త గట్టిగా చెప్పండి స్వామీ, రాజుగారికి వినపడాలి."

"దేవుడు పోడు! ఎప్పటికీ పోడు!"

ఇపుకి కళ్ళు తుడుచుకుని లేచాడు. "తండ్రి లక్షణంగా ఉండగా గద్దె కావాలంటే ఎలా ప్రభూ? ఆయన్ని పోనివ్వండి, ఈయన నోరు తెరిపించనివ్వండి. ఆ మర్నాడే ఇచ్చేద్దాం."

"మరి రాజుగారో? ఆయనా అమున్ కొడుకేగా!" అని అరిచాడు ఉసెర్బాక్.

"వారిని పెంచిన నాన్నగారికి స్వయంగా కర్మ చేసి ఆయన గద్దె ఎక్కారు. అమున్ వాటా వారూ ఇంకా అడగలేదు. మీకున్న ఇద్దరు నాన్నల్లో ఒకర్ని మీరే కాదన్నారు. రెండోవారేమో పోరు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తల మీది ఎగువ, దిగువ రాజ్యాల జంట కిరీటం చెవి మీదకి జారింది. సాబుని పిలిచి కూతురి చెయ్యి అతని చేతిలో పెట్టాడు. తన మెడలోని బంగారు హారం తీసి ఇపుకి మెడలో వేశాడు.

"కన్నకొడుకు ఉండగా స్వామికి పరాయివాళ్ళు నీళ్ళు పొయ్యడమేమిటి?" అన్నాడు. "రేపట్నుంచి ఉసెర్బాక్ గుళ్ళోనే ఉండి తండ్రికి స్నానం చేయిస్తాడు, బట్టలు కడతాడు, అన్నం పెడతాడు. ఆయన పోయేదాకా!"

సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ప్రధాన పూజారి. చలికాలంలో తెల్లవారకుండానే లేచి, చన్నీళ్ళు మోసి దేవుడికి స్నానం చేయించే పని ఆయనకి తప్పింది మరి!